తెలుగులో చెప్పిన జీతం

పది మందికి ఉద్యోగాలిచ్చిన మనిషినని మా పేరేసంద్రలో నాకు మంచి పేరుంది. పెళ్ళికి పోతే ముందు వరుసలో కూర్చోబెడతారు. డిగ్రీ అయిన పిల్లల్ని తీసుకొచ్చి, ‘సార్ చెప్పేది బాగా విను’ అని నా ముందు నిలబెడతారు. ఆ మర్యాదలో చాలా భాగం నాకు చెల్లదు. ఎందుకు చెల్లదో చెప్పకుండా ఆ పిల్లలకు సలహాలివ్వడం నాకు ఇక చేతకావడం లేదు.

నేను పర్సనల్ ఆఫీసరుగా చేరి హెచ్.ఆర్. మేనేజరుగా దిగిపోయాను. తలుపు మీద బోర్డు మారింది గానీ లోపల పని మారలేదు. సర్వీసులో ఎక్కువ భాగం చిక్కబళ్ళాపురం బయట, హైవే పక్కనున్న ఒక పండ్ల గుజ్జు ఫ్యాక్టరీలో గడిచింది. వేసవిలో మామిడి, మిగతా కాలంలో టమోటా, జామ. ప్రమోషన్ల సంగతి, ఆడిట్ల సంగతి రాయను. అవి ఎవరికైనా ఒకటే. కొత్త ఉద్యోగం పిలిచినప్పుడు పాత జీతాన్ని కొత్త జీతంతో ఎలా పోల్చుకోవాలో మాత్రం గట్టిగా చెప్పగలను. జనం దాన్ని సరిగ్గా పోల్చుకోకుండా చూడడమే చాలా ఏళ్ళు నా పని మరి.

పెద్ద అంకె

ఆఫర్ లెటర్లో కింద, లావు అక్షరాలతో ఒక అంకె ఉంటుంది. సి.టి.సి. అంటారు. మీకోసం కంపెనీకి ఏడాదంతా అయ్యే ఖర్చు అది. మీ చేతికి వచ్చే డబ్బు కాదు. ఈ చిన్న తేడా తెలియని ఇంజనీర్లను కూడా నేను చూశాను. చూసి సంతోషించాను.

ఆ అంకెను పెంచడం నాకు బాగా వచ్చు. మీ పి.ఎఫ్.లో కంపెనీ వేసే వంతు అందులో కలిపేవాణ్ణి. ఐదేళ్ళు పనిచేస్తేనే వచ్చే గ్రాట్యుటీని మొదటి ఏడాది నుంచే కలిపేవాణ్ణి. టార్గెట్ అందుకుంటే ఇచ్చే బోనస్సును అందుకున్నట్టే లెక్కగట్టేవాణ్ణి. క్యాంటీన్ భోజనం, యూనిఫారం, ఇన్సూరెన్సుకు కట్టే ప్రీమియం, చివరికి మీరు ఎక్కినా ఎక్కకపోయినా కంపెనీ బస్సులో మీ సీటు, అన్నీ అందులోకే. వీటిలో అబద్ధం ఒక్కటి కూడా లేదు. ఎవరైనా నిలదీస్తే ప్రతి పైసాకూ సమాధానం చెప్పగలను. కానీ నిలదీసేవాళ్ళు అరుదు. నిలదీయకుండా చూసుకునే పద్ధతి ఒకటి నా దగ్గర ఉండేది.

టీ వచ్చాక

మా వైపు సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో మాలాంటివాళ్ళకు ఇంట్లో తెలుగు. బడి, కచేరి, బ్యాంకు అంటే కన్నడం. గడప దాటగానే నాలుక దానంతటదే మారిపోతుంది. అందుకని ఆఫీసులో కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి ఎవరైనా మనతో తెలుగులో మాట్లాడితే మనల్ని ఇంట్లోకి పిలిచి పీట వేసినట్టే. ఇంట్లో పెద్దవాళ్ళు ఒక మాట చెప్పాక ‘ఏదీ, చూపించండి’ అని ఎవరూ అడగరు. అడిగితే తలవంపులు.

నా ఇంటర్వ్యూలు కన్నడంలో నడిచేవి. పని గురించి, మిషన్ల గురించి నడుమ నడుమ ఇంగ్లీషు. జీతం దగ్గరికి వచ్చేసరికి నేను ఫైలు మూసి, తలుపు దగ్గరికి వేయించి, టీ తెప్పించేవాణ్ణి. టీ వచ్చాక, ‘యా ఊరప్పా మీది? ఇంట్లో తెలుగేనా?’ అనేవాణ్ణి. ఎదుటి మనిషి భుజాలు కిందికి దిగడం నాకు కనపడేది. ఆ తర్వాత నేనేం చెప్పినా తల ఊపేవాళ్ళు.

మొదట్లో ఇది పద్ధతి కాదు, నిజమైన ఆప్యాయతే. నేనూ తెలుగు మాట్లాడే కిరాణా కొట్టు ఇంటివాణ్ణే, నాకూ కన్నడం బడిలో దెబ్బలు తిని వచ్చిందే. దాన్ని పద్ధతి చేసింది మా ప్లాంట్ హెడ్. ఆయన ఈ ప్రాంతం మనిషి కాదు, రెండు భాషలూ రావు. ఒకరోజు ఇంటర్వ్యూలో నా పక్కన కూర్చుని చూసి, ‘మీరు మీ భాషలోకి మారగానే వాళ్ళు ప్రశ్నలు మానేస్తున్నారు, గమనించారా?’ అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు. నేను సిగ్గుపడాల్సింది పోయి ఉబ్బిపోయాను. అప్పటి నుంచి టీ ఎప్పుడు తెప్పించాలో కూడా లెక్క చూసుకునేవాణ్ణి.

ఒక్క మనిషి దగ్గర మాత్రం ఇది పారలేదు. ల్యాబ్ పనికి బాగేపల్లి నుంచి భవాని అనే అమ్మాయి వచ్చింది. నేను టీ తెప్పించి, ‘యాడమ్మా బాగేపల్లిలో ఇల్లు?’ అని మొదలుపెట్టాను. ఆ పిల్ల వీధి పేరు తెలుగులోనే చెప్పింది, టీ తాగింది, నవ్వింది. తర్వాత, ‘సంబళద విషయ కన్నడదల్లే హేళి సార్’ అంది. జీతం సంగతి కన్నడంలోనే చెప్పండి అని. చెప్పాను. ప్రతి వాక్యానికీ ఒక ప్రశ్న వేసింది. మర్నాడు షిఫ్టు వదిలే వేళకు గేటు బయట నిలబడి, బస్సెక్కుతున్న ఆడవాళ్ళను చేతికి ఎంత వస్తుందని అడిగి తెలుసుకుందట. ఉద్యోగం వద్దంది. ‘ఈ కాలం పిల్లలకు పెద్దల మీద నమ్మకం లేదు’ అని ఆ వారమంతా నేను సణుక్కున్నాను.

రామాంజినప్ప

ఆవిరి లేకపోతే గుజ్జు లేదు. ఆవిరి కావాలంటే బాయిలర్ నడపాలి, బాయిలర్ నడపాలంటే ప్రభుత్వ పరీక్ష పాసై సర్టిఫికెట్ ఉన్న మనిషి కావాలి. ఒక ఏడాది మామిడి సీజనుకు కొంచెం ముందు మా బాయిలర్ అటెండెంట్ మానేశాడు. ప్లాంట్ హెడ్ పొద్దునొకసారి, సాయంత్రమొకసారి నా గదికి వచ్చి ఖాళీ కుర్చీ వైపు చూసి పోయేవాడు.

చింతామణి దగ్గర ఒక పట్టు ఫ్యాక్టరీలో, గూళ్ళు ఉడికించే బాయిలర్ మీద రామాంజినప్ప అనే మనిషి ఉన్నాడని తెలిసింది. ఊరు కెంచార్లహళ్ళి. కబురు పెట్టాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. మాట తక్కువ, పని మీద పట్టు ఎక్కువ. మా బాయిలర్ దగ్గరికి తీసుకుపోతే చెవి పెట్టి విని, ఫలానా వాల్వు కారుతోందని చెప్పాడు. ఇతన్ని వదలకూడదని అప్పుడే అనుకున్నాను.

టీ వచ్చింది. కబుర్లలో ఇంటి సంగతులన్నీ చెప్పాడు. పట్టు ఫ్యాక్టరీ ఓనరు వెనక వైపు ఒక గది ఇచ్చాడు, అద్దె లేదు. భార్య రత్నమ్మ, ఒక్కతే కూతురు గీత. ఆ పాపకు చిన్నప్పటి నుంచే చక్కెర జబ్బు, రోజూ ఇన్సులిన్ సూది వేసుకోవాలి. మందు కార్మికుల ఇ.ఎస్.ఐ. డిస్పెన్సరీలో ఊరికే ఇస్తారు. మందు చల్లగా ఉంచాలి కాబట్టి ఓనరు ఇంటావిడ తన ఫ్రిజ్జులో తలుపు అర ఒకటి ఆ పాపకే వదిలేసిందట. ‘ఆయమ్మ ఊరికి పోయినా తాళం మా రత్నకిచ్చి పోతాదన్నా’ అన్నాడు. అప్పటికే నేను సార్ నుంచి అన్న అయిపోయాను.

తర్వాత అడిగాడు. నేను మరిచిపోలేని ప్రశ్న అది.

‘అన్నా, పాప సూది మందు ఇ.ఎస్.ఐ. కార్డు మీద ఇస్తాండారు. ఈడ కూడా ఆ కార్డు ఉంటాదా?’

ఉండదని నాకు తెలుసు. జీతం ఒక హద్దు దాటితే ఇ.ఎస్.ఐ. వర్తించదు. దాటితే కార్మికుడి చందా ఉండదు, కంపెనీ చందా కూడా ఉండదు. అందుకని మా ఫ్యాక్టరీలో పనితనం ఉన్నవాళ్ళ జీతాన్ని ఆ హద్దుకు కాస్త పైన పెట్టేవాళ్ళం. రామాంజినప్ప జీతం కూడా అలాగే పెట్టాను. ఆ కాస్త ఎక్కువ అతనికోసం వేసింది కాదు, మా చందా మిగుల్చుకోవడానికి వేసింది. పెట్టింది నేనే. ఆ ప్రశ్న అడిగే సమయానికి ఆ అంకె నా ఫైల్లో, నా చేతి కింద ఉంది.

‘ఈడ దానికంటే పెద్ద ఇన్సూరెన్సు ఉండాదప్పా. లక్షల్లో. నేను చెప్తాండా గదా’ అన్నాను.

అతను ఒక్క క్షణం ఆగాడు. ఇంకో ప్రశ్న నోటిదాకా వచ్చిందని నాకు తెలిసింది. అప్పుడు నేను టీ కప్పు అతని వైపు జరిపి, ‘చల్లారిపోతాండాది, తాగప్పా’ అన్నాను. తాగాడు. సంతకం పెట్టాడు. పోతూ పోతూ నా కాళ్ళకు దణ్ణం పెట్టబోతే వారించాను. దాన్ని నా మంచితనం అనుకున్నాను.

కార్డు

సీజను బ్రహ్మాండంగా నడిచింది. రామాంజినప్ప కుటుంబాన్ని తెచ్చి పేరేసంద్రలో ఒక గది అద్దెకు తీసుకున్నాడు. కట్టిన చందా తాలూకు హక్కు మరికొన్ని నెలలు నడుస్తుంది కాబట్టి పాత కార్డు మీదే మందు వస్తూనే ఉంది. ఏ తేడా తెలియలేదు. తర్వాత ఒకరోజు డిస్పెన్సరీలో కంప్యూటర్ చూసి, నీ పేరు మీద ఇక లేదని చెప్పి పంపించారు.

నా గదికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. మా గ్రూప్ ఇన్సూరెన్సు గురించి చెప్పాను. ఆస్పత్రిలో చేరితే ఖర్చంతా అదే భరిస్తుంది, ఇంట్లో వాడే మందులకు మాత్రం ఇవ్వదు అన్నాను. అతను తల వంచుకుని ఆలోచించాడు.

‘అంటే పాప ఆస్పత్రిలో పడితే ఇస్తారు. పడకుండా ఉండేదానికి ఇవ్వరు. అంతేనా అన్నా?’

ఎత్తిపొడుపు కాదు. అర్థం చేసుకోవడానికే అడిగాడు. అంతేనన్నాను.

ఆ సాయంత్రం ప్లాంట్ హెడ్ దగ్గరికి పోయి, ఇతని జీతం హద్దుకు కిందికి తెచ్చి కార్డు మళ్ళీ పెట్టిద్దామా అని అడిగాను. ఒకరికి చేస్తే అందరూ అడుగుతారన్నాడు. నేను సరేనన్నాను. వాదించలేదు, రెండోసారి అడగలేదు, రాసి పెట్టలేదు. నా సర్వీసులో ఎన్నో చిన్న విషయాలకు బల్ల గుద్ది వాదించినవాణ్ణి, దీనికి మాత్రం సరేనని బయటికి వచ్చి స్కూటర్ స్టార్ట్ చేశాను. అబద్ధం చెప్పిన రోజుకంటే ఈ సాయంత్రం తలుచుకుంటేనే నాకు ఎక్కువ సిగ్గేస్తుంది. ఆ రోజు సీజను తొందర అని సర్దిచెప్పుకోవచ్చు. ఈ సాయంత్రానికి ఏ తొందరా లేదు.

తర్వాత జరిగింది మీరు ఊహించగలరు. కొత్త జీతంలోంచి అద్దె పోగా, మందు బయట కొంటే, చేతికి మిగిలేది పట్టు ఫ్యాక్టరీలో కంటే తక్కువ. రక్తంలో చక్కెర చూసుకునే పట్టీలు కొనడం ముందు తగ్గించారు. మందు మోతాదు అందాజుగా వేశారు. మళ్ళీ వేసవి వచ్చింది. ఒకరోజు బడిలో ఆ పాప పడిపోయింది. చిక్కబళ్ళాపురంలో ప్రైవేటు ఆస్పత్రి ఐ.సి.యు.లో ఉంచారు. బిల్లు మా ఇన్సూరెన్సే కట్టింది. ఆ క్లెయిమ్ కాగితాల మీద సంతకం నాదే.

పాప ఇంటికి వచ్చాక చూడడానికి పోయాను. ఆపిల్ పళ్ళు తీసుకుపోయాను. ఆ ఇంటికి ఆపిల్ పళ్ళు తీసుకుపోయిన తెలివిగలవాణ్ణి నేను. రత్నమ్మ ఏమీ అనుకోకుండా లోపల పెట్టింది. గది మూల ఇసుకలో ఒక మట్టి ముంత, చుట్టూ తడి గుడ్డ. లోపల డబ్బాలో మందు.

‘గంటకొకతూరి గుడ్డ తడపల్ల సార్. నేను కూలికి పోయిన పొద్దు ఆరిపోతాది’ అంది. చెడిన మందు చూడడానికి మంచి మందులాగే ఉంటుందని ఆమెకు ఆస్పత్రిలో డాక్టరు చెప్పాడట. నేను ఏదో అనాలని, ‘రామాంజినప్ప ఆ పొద్దే నన్ను ఇంకొంచెం గట్టిగా అడిగుంటే బాగుండు కదమ్మా’ అన్నాను. ఇంత సిగ్గులేని మాట ఎలా అన్నానో ఇప్పటికీ తెలియదు.

రత్నమ్మ నా వైపు చూసింది. ‘అడగల్లనుకున్నాడంట సార్. మనోళ్ళు, తెలుగులో చెప్తాండారు, మళ్ళా మళ్ళా అడిగితే ఏమనుకుంటారో అని సిగ్గుపడినాడంట.’

మంచం మీద గీత గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. నిద్రపోలేదు. రత్నమ్మ కాఫీ పెడతానన్నా ఆగకుండా లేచి వచ్చాను.

కొన్నాళ్ళకు రామాంజినప్ప రాజీనామా ఇచ్చాడు. పట్టు ఫ్యాక్టరీలో అతని చోట్లోకి వేరే మనిషి వచ్చేశాడు, ఆ గదిలో, ఆ ఫ్రిజ్జు పక్కన వేరే కుటుంబం చేరింది. అతను బాగేపల్లి వైపు ఒక చిన్న మిల్లులో కుదిరాడు. అక్కడి మేనేజరు నాకు తెలిసినవాడే. ఫోన్ చేసి నవ్వుతూ, ‘విచిత్రమైన మనిషిని పంపించారు సార్, ఇంత సంబళం వద్దు, తగ్గించి కార్డు ఇప్పియ్యండి అంటాండాడు’ అన్నాడు. నేనూ నవ్వాను.

ఇక మీరు అడగాల్సింది

ఉద్యోగంలో చేరబోయే పిల్లలకు నేను చెప్పేది ఇంతే. ఆ పెద్ద అంకెను పట్టించుకోకండి. నెలాఖరున బ్యాంకులో ఎంత పడుతుందో అడగండి. బోనస్సు కిందటేడు ఎంతమందికి వచ్చిందో అడగండి. ఇవి అడిగితే ఉద్యోగం ఇవ్వనివాడు, చేరాక మీకు ఏమీ ఇవ్వడు.

వైద్యం సంగతి విడిగా కూర్చుని అడగండి. ఎంత మొత్తానికి అని కాదు. ఎవరెవరికి, దేనికి, ఏ రోజు నుంచి అని. మీ ఇంట్లో రోజూ ఎవరికి ఏ మందు కావాలో దాని పేరు చెప్పి అడగండి. జవాబు కాగితం మీద తీసుకోండి. కొత్త జీతం పెరగడం వల్ల పాతది ఏదైనా పోతుందా అని కూడా అడగండి. ఈ ఒక్క ప్రశ్న వేసినవాళ్ళను నా సర్వీసులో నేను వేళ్ళమీద లెక్కపెట్టగలను.

అన్నిటికంటే కష్టమైంది, పాత ఉద్యోగం విలువ కట్టడం. కొత్తదానికి లెటరుంటుంది, పాతదానికి ఉండదు. అద్దె లేని గది, నడిచిపోయేంత దూరంలో పని, పాపకు జ్వరమొస్తే ఫోన్ చేయకుండా ఇంటికి పోనిచ్చే ఓనరు, ఫ్రిజ్జులో ఒక అర. ఇవి జీతంలో రాయరు. పోయాక కొనుక్కోవాల్సి వస్తే అప్పుడు తెలుస్తుంది ఖరీదు. రాజీనామా ఇచ్చే ముందు ఇంట్లో ఆడవాళ్ళను అడగండి, వాళ్ళకు ఇవన్నీ తెలిసి ఉంటాయి. రత్నమ్మను ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఇంకొకటి. మీతో ఎవరైనా మీ ఇంటి మాటలో మాట్లాడితే సంతోషించండి, టీ ఇస్తే తాగండి. తాగాక మీ ప్రశ్న అడగండి. తప్పేమీ లేదు. సిగ్గుపడాల్సింది మీరు కాదు. ఇది నేను తెలుగులోనే రాస్తున్నాను కాబట్టి, నా మాటను కూడా ఇంకొకరి దగ్గర అడిగి చూసుకోండి.

బాగేపల్లి బస్టాండులో

రిటైరయ్యాక ఒకసారి పని మీద బాగేపల్లి పోయాను. బస్టాండు పక్కన టీ అంగడి దగ్గర ఒక మనిషి వెనక్కి తిరిగి నిలబడి, ‘ఏమప్పా, రోజురోజుకీ గ్లాసు చిన్నదైపోతాండాదే’ అని అంగడివాడితో తెలుగులో పరాచికాలాడుతున్నాడు. ఇటు తిరిగాడు. రామాంజినప్ప. జుట్టు తెల్లబడింది. పక్కన కాలేజీ బ్యాగుతో పొడుగాటి అమ్మాయి. గీత.

నాకు ప్రాణం లేచొచ్చింది. ‘ఏమప్పా రామాంజినప్పా, బాగుండావా? పాప ఇంత పెద్దదాయె!’ అన్నాను.

అతను చేతిలో గ్లాసు పక్కన పెట్టి, రెండు చేతులూ జోడించాడు. ‘చెన్నాగిద్దీవి సార్. తావు హేగిద్దీరి?’ అన్నాడు.

బాగున్నాం సార్, తమరెలా ఉన్నారు అని. మంచి కన్నడం. కచేరిలో మాట్లాడే కన్నడం. గీత వాళ్ళ నాయన ముఖంలోకి వింతగా చూసింది.

నేను మళ్ళీ తెలుగులోనే అడిగాను, యాడ ఉండారు, పాప ఏం చదువుతాండాది, ఒళ్ళు ఎట్ల ఉండాది అని. అన్నిటికీ మర్యాదగా, కన్నడంలోనే జవాబు చెప్పాడు. ముఖంలో కోపం లేదు. ఆ ఫ్యాక్టరీ ఊసు ఎత్తలేదు. నాకూ ఒక టీ చెప్పాడు. నేను డబ్బులు తీయబోతే, ‘బేడ సార్’ అని వారించి తనే ఇచ్చాడు. ఆ రోజు నేను అతనికి టీ ఇచ్చి చేసిన పనికి క్షమాపణ అడగాలని ఎన్నేళ్ళుగానో అనుకున్నాను. అక్కడ, ఆ టీ చేతిలో పట్టుకుని, ఏ భాషలో అడగాలో నాకు తోచలేదు.

బస్సు వచ్చింది. గీత ముందు పోయి, మెట్టు మీద నిలబడి, ‘నాయనా, సీటుండాది, బిరీన రా!’ అని కేకేసింది.

‘వస్తాండా పదమ్మా’ అన్నాడు రామాంజినప్ప.

ఆ మాట ఎంత మెత్తగా ఉందో. ఒకప్పుడు నాతో కూడా అలాగే మాట్లాడేవాడు. నా వైపు తిరిగి ఇంకోసారి చేతులు జోడించి, ‘బర్తీని సార్’ అని కన్నడంలో సెలవు తీసుకుని బస్సెక్కాడు.